టెక్నికల్ సహాయం సెలవులో ఉంది

హారతి ఆ పరిశోధన పేపరును ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకి ఒకసారి చదివింది. పేర్ల వరసలో మొదట వంశీధర్ సార్ ఉన్నాడు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలున్నారు. ఒకే ఒక్కసారి వచ్చి, టీ తాగి, సమోసా బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయిన బరోడా ప్రొఫెసర్ కూడా ఉన్నాడు. హారతి లేదు. అట్టడుగున, చీమలు చదువుకోవడానికి వేసినట్టున్న అక్షరాల్లో 'టెక్నికల్ సహాయం అందించిన సిబ్బందికి కృతజ్ఞతలు' అని మాత్రం ఉంది. ఆ సిబ్బందిలో ఇప్పుడు మిగిలింది ఎవరయ్యా అంటే, ఈ పిల్ల ఒక్కతే.

సూరత్ నుంచి కడోదరా పోయే దారిలో, చీరలకు రంగులద్దే మిల్లుకూ ఒక గోడౌనుకూ మధ్యన ఇరుక్కుని ఉంటుంది ఆ పరిశోధనా కేంద్రం. అక్కడ హారతి ప్రాజెక్టు ఇంజనీరు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఉద్యోగం, ఆ తర్వాత దేవుడి దయ. సూరత్‌లో తెలుగు నేతవాళ్ల పేట లింబాయత్‌లో మగ్గాల మోత మధ్యన పుట్టి పెరిగి, ఆప్టిక్స్‌లో ఎం.టెక్ చేసి, ఆ కేంద్రంలో ఒక సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపు కట్టింది. కొనలేదు, కట్టింది. లేజర్లు, అద్దాలు, కటకాలు, కెమెరా ఒక్కొక్కటిగా బల్ల మీద బిగించి, ప్రోగ్రాము కూడా తనే రాసింది. లేజర్లను నడిపే సర్క్యూట్ బోర్డు మాత్రం శివకృష్ణ అనే కుర్రాడు చేసిపెట్టాడు. వాడు ఈ మధ్యే హజీరాలో ఏదో కంపెనీకి వెళ్లిపోయాడు.

ఆ యంత్రం ఏం చేస్తుందో చెప్పుకోవాలి. మామూలు మైక్రోస్కోపు మరీ చిన్నవి రెండు పక్కపక్కన ఉంటే, రెంటినీ కలిపి ఒకే మచ్చలా అలికేస్తుంది. కాంతి గుణమే అంత, దాన్ని తిట్టి లాభం లేదు. వినాయకుడి మండపానికి కట్టిన సీరియల్ బల్బులన్నీ ఒకేసారి వెలిగితే, దూరం నుంచి చూసేవాడికి వెలుగు ముద్దే తప్ప బల్బు కనిపించదు. అవే వంతులవారీగా మిణుకుమంటే ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. హారతి యంత్రం కిటుకు కూడా అదే. కణంలో చూడాల్సిన చోట మెరిసే రంగు అంటించి, కొంచెం కొంచెంగా మిణుకుమనిపించి, వేలకొద్దీ ఫొటోలు తీసి, ఒక్కో చుక్కకు నడిబొడ్డు ఎక్కడో లెక్కగట్టి, అన్నీ కలిపి ఒక బొమ్మ చేస్తుంది. ఇన్సులిన్ సంచులు కణం పైపొరకు ఎట్లా అతుక్కుంటాయో ఆ బొమ్మలో వక్కపలుకులంత స్పష్టంగా కనిపించింది. వంశీధర్ సార్ పేపరంతా ఆ బొమ్మల మీదే నిలబడి ఉంది.

అదే కేంద్రంలో ఇప్పుడు రీసెర్చ్ ఇంజనీరు పోస్టు పడింది, పర్మనెంటుది. వచ్చే శుక్రవారంతో గడువు. సైన్సు పత్రికకు పంపిన పేపరు ఒక్కదానిలోనైనా పేరు లేనివాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని నోటీసులో రాశారు. ఆ నోటీసు రాసింది కూడా వంశీధర్ సారే.

శనివారం మధ్యాహ్నం హారతి ఆయన గదిలోకి వెళ్లి నిలబడింది.

"సార్, పేపర్ల నా పేరు లేదు."

"ఉందిగా అమ్మా, కృతజ్ఞతల్లో."

"అండ్ల సిబ్బంది అని ఉంది. నా పేరు సిబ్బంది కాదు సార్."

వంశీధర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాజమండ్రి మనిషి. మాట బెల్లంపాకంలా సాగుతుంది, కోపంతో వచ్చినవాడు కూడా అందులో అతుక్కుపోతాడు. "చూడమ్మా హారతీ, నువ్వు నా కూతురులాంటి దానివి. పేపరంటే ఆలోచన. ఇన్సులిన్ గురించి ఆలోచించింది మేము. నువ్వు పరికరం చేసిపెట్టావు, చాలా గొప్పగా చేశావు, కాదనను. కానీ పరికరం చేసినవాళ్లందరి పేర్లూ పెట్టుకుంటూ పోతే, రేపు లెన్సు కంపెనీవాడు కూడా నా పేరేదీ అంటాడు."

"లెన్సు కంపెనీవాడు పొద్దుగాల ఏడు గొట్టంగ వచ్చి లేజర్లు సక్కజేస్తున్నడా సార్? మీ పిల్లలు తీసిన బొమ్మలు అలుక్కపోతే, మళ్ల కూసొని తీసింది లెన్సు కంపెనీనా?"

"ఆవేశపడకమ్మా. నీ రికమెండేషన్ లెటరు నేనే రాయాలి కదా. బ్రహ్మాండంగా రాస్తాను."

హారతి బయటికి వచ్చేసింది. చెవులు మండుతున్నాయి. ఆయన అరిచి ఉంటే తిరిగి అరిచేది. కూతురన్నాక ఎట్లా అరవడం? ఆ మాట అందుకే వాడతారు పెద్దమనుషులు.

ఇంట్లో అమ్మ భాగీరథి చీర అంచుకు రాళ్లు అతికిస్తూ కూర్చుంది. పక్కనే మేనమామ నరహరి కాళ్లు చాపుకుని కూర్చుని, అక్క అతికించిన రాళ్లలో వంకరవి ఏరి వెక్కిరిస్తున్నాడు. మగ్గం నడిపేటోడు, ఏడో తరగతితో బడికి దండం పెట్టినోడు. పెళ్లిళ్లలో వియ్యంకుల చెప్పులు దాచడంలో లింబాయత్‌లో అతనికి పోటీ లేదు.

హారతి జరిగిందంతా చెప్పింది. భాగీరథి కళ్లు తడి చేసుకుంది. నరహరి మాత్రం గంభీరంగా ముఖం పెట్టి, "కోడలుపిల్లా, ఫికర్ చెయ్యకు. నీ పెండ్లి కార్డు మీద గూడ గట్లనే కొట్టిద్దాం. పెండ్లికొడుకు పేరు, ఆయన తాత పేరు, బరోడా ప్రొఫెసర్ పేరు. కింద సన్నగ, సహకరించిన పిల్లకు కృతజ్ఞతలు," అన్నాడు.

"నవ్వకు మామా. నాకు కడుపు కాలుతున్నది."

"నవ్వుతలేను బిడ్డా. నాకు గూడ కాలుతున్నది. నాకు కాలితే నవ్వొస్తది, ఏం జేయాలె."

ఆదివారం తెలుగువాళ్ల సమాజం హాల్లో పక్కింటివాళ్ల మనవడికి తొట్టెల ఫంక్షన్. హారతికి పోవాలని లేదు కానీ అమ్మ ఊరుకోలేదు. ఆ హాల్లో ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుంది. కుర్చీ ఇచ్చినవాడి పేరు కుర్చీ వీపు మీద, పంకా ఇచ్చినవాడి పేరు పంకా రెక్క మీద, ఎర్ర పెయింటుతో రాయిస్తారు. అన్నం గంటె మీద కూడా ఎవరిదో ఇంటిపేరు చెక్కి ఉంది. ఏ పేరూ లేకుండా అక్కడికి ఒక్క గ్లాసు కూడా రాదు.

భోజనాల మధ్యలో కరెంటు పోయింది. పంకాలు మెల్లగా ఆగాయి. ఉక్కపోతకు అందరూ తలలెత్తి పైకి చూశారు.

"గది సూడు," అన్నాడు నరహరి, పప్పన్నం ముద్ద చేతిలో పట్టుకుని. "సాంబయ్య ఇచ్చిన పంకా. ఇందాకటిదాంక గిర్రున తిరిగె, గాలి అందరం దిన్నం, పేరు ఒక్కడన్న జూసిండా? ఆగింది, ఇప్పుడు హాలంత సాంబయ్యనే సదువుతున్నది. నీ మిషిన్ ఎన్నడన్న ఆగిందా కోడలా?"

"నేనుండంగ ఎట్ల ఆగుతది?"

"మరి గదే గద నీ తప్పు."

హారతి ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నది అదే. అందరూ వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉంచడం. రాత్రంతా ఏసీ చల్లదనానికి అద్దాలు వెంట్రుకవాసి జరుగుతాయి. పొద్దున్నే వాటిని మళ్లీ దారికి తేవడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు ఉన్నాయని శనివారం తను అనేదాకా వంశీధర్ గారికి తెలియదు. తెలియనివ్వకుండా చేసింది తనే.

సోమవారం పొద్దున సెలవు చీటీ పంపింది, వారం రోజులకు. తాళం వేయలేదు, వైరు పీకలేదు, పాస్‌వర్డు మార్చలేదు. ఏది ఎట్లా సరిచేయాలో గోడ మీద అంటించిన కాగితం కూడా తీయలేదు. వెళ్లలేదు, అంతే.

ఆ వారమే పేపరుకు గండం వచ్చి పడింది. పత్రికవాళ్లు ఇంకొక బొమ్మ అడిగారు, రెండు రంగులది, సంచి ఒక రంగులో, కణం పైపొర ఒక రంగులో. గురువారంలోపు పంపాలి. పీహెచ్‌డీ పిల్లలు గోడ మీది కాగితం చూసి ఒక మర తిప్పారు, అది చాలక ఇంకొకటి తిప్పారు. ఎర్ర రంగు ఒక దిక్కు పోయింది, పచ్చ రంగు ఒక దిక్కు పోయింది. ఇన్సులిన్ సంచులు కణం వదిలేసి బజార్లో తిరుగుతున్నట్టు వచ్చింది బొమ్మ.

బుధవారం మధ్యాహ్నం హారతి ఫోను మోగింది. తెర మీద వంశీధర్ సార్ పేరు. నరహరి టక్కున లాక్కుని, స్పీకరు నొక్కి, గొంతు సన్నం చేసుకున్నాడు.

"నమస్కారం. టెక్నికల్ సహాయం."

"హారతి ఉందా అండీ?"

"హారతా? గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరు సార్. మీ పేపర్ల ఉందా, జర సూసి చెప్పుండ్రి."

"ఎవరండీ మీరు?"

"సిబ్బంది సార్."

"మామా, ఇటియ్యి," అంది హారతి. సిగ్గుతో ముఖం ఎర్రబడింది కానీ, ఫోను అందుకునేసరికి ఆ ఎరుపు కోపంగా మారిపోయింది. "చెప్పండి సార్."

"అమ్మా, మెషీన్ పనిచేయడం లేదు. ఒక్కసారి వచ్చి వెళ్లు తల్లీ. రేపే ఆఖరు."

"మిషిన్ మంచిగనే ఉన్నది సార్. టెక్నికల్ సహాయం సెలవుల ఉన్నది."

"ఇది బ్లాక్‌మెయిలమ్మా. నీ నుంచి ఇది ఊహించలేదు."

"నా సెలవు నేను దీస్కున్న. మీ పేపర్ల నా పని లేదని మీరే రాసిన్రు. లేని పని ఆగితే మీకేం నష్టం సార్?"

కృతజ్ఞతల్లో పేరు వేయిస్తానన్నాడాయన. పెద్ద అక్షరాలతో వేయిస్తానన్నాడు. హారతి ఒప్పుకోలేదు. చివరికి, "సరే, పేర్ల వరసలోనే పెడతాను, వచ్చెయ్యి," అన్నాడు.

"వస్త. నేను ఆడ కూసున్నంక మీరు మార్చుండ్రి. మార్చి పత్రికోళ్లకు పంపినంక లేజర్ ఆన్ జేసే తాళం దిప్పుత."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే చేరుకుంది. పీహెచ్‌డీ పిల్లలు గోడకు ఆనుకుని, పరీక్ష తప్పినవాళ్లలా నిలబడ్డారు. వంశీధర్ గారు కంప్యూటరు ముందు కూర్చుని ఆమె పేరు కొట్టాడు. "తృప్తేనా?"

"శివకృష్ణ పేరు గూడ సార్. బోర్డు వాడే జేసిండు."

"వాడు వెళ్లిపోయాడు కదమ్మా."

"బోర్డు పోలే గద."

ఆయన పళ్లు కొరుక్కుంటూ అదీ కొట్టాడు. ఎవరెవరు ఏం చేశారో చెప్పే వాక్యం దగ్గర హారతి పైకి చదవమంది. ఆయన చదివాడు. 'నిర్మించి' అన్న మాట దగ్గర గొంతు దిగిపోయింది.

"జర మళ్ల సదువుండ్రి సార్. నడుమ మింగిన్రు."

పీహెచ్‌డీ పిల్లల్లో ఒకడికి దగ్గొచ్చింది. వంశీధర్ గారు మళ్లీ చదివాడు, ఈసారి అన్ని మాటలూ నోటి బయటికి వచ్చాయి. 'హారతి మైక్రోస్కోపును రూపొందించి, నిర్మించి, ప్రోగ్రాము రాసి, బొమ్మలు తీసింది. శివకృష్ణ లేజర్ సర్క్యూట్లు తయారుచేశాడు.' రచయితల పేర్లు మారాయని పత్రికవాళ్లకు మెయిలు పోయింది. బొమ్మ ఒక్కటే తరువాయి. ఆ మెయిలు నకలు హారతి ఫోనులో టింగుమంది. శుక్రవారం దరఖాస్తుకు అది చాలు.

ఆమె తాళం తిప్పింది. గది లైట్లు ఆర్పారు. ఒక్కో అద్దం మరను గోరంత తిప్పుతూ, ఎర్రనూ పచ్చనూ మళ్లీ ఒకే దారికి తెచ్చింది. పేరు వచ్చింది. కడుపులో మంట మాత్రం ఆరలేదు. తన వస్తువును తనే అడుక్కుని తెచ్చుకున్నందుకు ఇంకాస్త ఎక్కువగానే ఉంది.

వంశీధర్ గారు వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతులోకి పాకం తిరిగి వచ్చింది. "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? ముందే ఒక్క మాట అడిగుంటే పెట్టేవాణ్ని కదా."

హారతి తల తిప్పి ఆయన వంక చూసింది. నిజంగానే అంటున్నాడు. శనివారం సంగతి ఆయనకు గుర్తే లేదు.

తెర మీద మొదటి చుక్కలు మిణుకుమనడం మొదలుపెట్టాయి. కొద్దిగా అదురుతున్నాయి. ఎందుకా అని చూస్తే, ఆయన చెయ్యి బల్ల అంచు మీద ఆని ఉంది.

"చెయ్యి తియ్యుండ్రి సార్," అంది. "నా బల్ల ఊగుతున్నది."

ఆయన తీశాడు.