అరువు పిల్లలు

పిల్లలు చాలడం లేదని బడి మూసేస్తారన్న కబురు వినగానే ఆయా ఒంటికాలి మీద లేచింది. దమ్మిడీ అడగని బడి కొండకు ఇటువైపు ఇదొక్కటే. ఇదీ పోతే మనవరాలి చదువు అటకెక్కినట్టే. తనిఖీ రోజు పొద్దున్నే కొండవతల ఊరి పిల్లల్ని పాలవ్యానులో తెచ్చి బెంచీల నిండా కూర్చోబెట్టింది. ఆ దారి నడిస్తే పెద్దవాళ్ళకే తలప్రాణం తోకకొస్తుంది. వ్యానును బడి వెనక దాచింది.

“అడిగితే ఈ బడి బాగుంటుందని రోజూ నడిచొస్తున్నామనండి. నోరు జారారో, వీపు చిట్లగొడతా!”

పిల్లలు పొల్లుపోకుండా అప్పజెప్పారు.

“కొండ దాటి వస్తున్నారా? కాళ్ళు నొప్పెట్టవూ?” అన్నాడు అధికారి.

“అస్సలు నొప్పెట్టవండీ!”

అధికారి ముఖం వెలిగిపోయింది. పంతులమ్మ వైపు తిరిగాడు. “వీళ్ళు ఇటు రాగలిగితే మీవాళ్ళు అటు వెళ్ళగలరుగా! అక్కడి బడి పెద్దది. దీన్ని అందులో కలిపేద్దాం.”

ఆయా బడి వెనకవైపు చూసింది. వ్యానులో వచ్చారని చెబితే, ఇక్కడ పిల్లల్లేరని తానే ఒప్పుకున్నట్టు.

సాయంత్రం తాళం వేస్తుంటే, వెళ్ళిపోతున్న వ్యానునే చూస్తూ మనవరాలు కొంగు లాగింది.

“అమ్మమ్మా, రేపట్నుంచి మనకీ వ్యానొస్తుందా?”