అనుబంధ గది

మునిసిపల్ ఇన్‌స్పెక్టర్ టేపు పరిచి పెరటి గది కొలుస్తుంటే, కోడలు పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు ఉడకడం చూస్తోంది. భర్త పోయినప్పటినుంచి ఆమె వండుకుంటున్నది గుడ్లే. వాటికి ఉప్పు చూడక్కర్లేదు, కుదిరిందా అని ఎవరినీ అడగక్కర్లేదు. ఏడుపు రాదు, ఆకలి వేయదు. మందుల షాపులో పనికి వెళ్తుంది, అడిగిన మాత్రలు తీసి ఇస్తుంది, ఇంటికొస్తుంది. మనసు మొద్దుబారిపోయింది.

ఇన్‌స్పెక్టర్ రావడానికి కారణం అత్తగారి నోరు. ఆ నోటి సంగతి వీధి వీధంతటికీ తెలుసు. కొడుకు పెరట్లో గది కట్టుకుని పెళ్ళాంతో అందులోకి మారిన కొత్తలో, ఆవిడ ఇంటిపన్ను కట్టడానికి ఆఫీసుకు వెళ్ళింది. కిటికీ వెనక కూర్చున్న కొత్త గుమాస్తా "బావున్నారా అమ్మా" అన్నాడు, పాపం. అంతే. "ఏం బాగు నాయనా! పన్ను కట్టేది నేను, నా పెరట్లో వేరు కుంపటి పెట్టింది వాళ్ళు" అని మొదలెట్టి, వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కునేదాకా ఏకరువు పెట్టింది. ఆవిడ వెళ్ళగక్కింది కడుపుమంట. గుమాస్తా మాత్రం దాన్ని ఫిర్యాదు అనుకుని, ఒకే స్థలంలో రెండో వంటగది అని రాసుకున్నాడు. ఆఫీసు వ్యవహారం కాబట్టి ఆ ఫిర్యాదు నింపాదిగా నడుచుకుంటూ, గది కట్టిన మనిషి పోయాక గుమ్మంలోకొచ్చింది.

"చూడండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ టేపు చుడుతూ. "ఈ వీధిలో ఒక స్థలానికి ఒకటే ఇల్లుండాలి."

"ఒకటేగా ఉంది" అంది అత్తగారు గుమ్మం బయటినుంచే. ఆవిడ ఈ గదిలో ఇంతవరకు కాలు పెట్టలేదు.

"మా రూల్లో ఇల్లంటే గోడలు కాదండీ, వంటగది. పొయ్యి గట్టు ఉన్నచోటల్లా ఒక ఇల్లు కింద లెక్క. ఇక్కడ రెండయ్యాయి. ఈ గట్టు పగలగొట్టించి పొయ్యి తీసేస్తే గొడవుండదు. అప్పుడు దీన్ని అనుబంధ గది అంటాం."

"ఏం గది?"

"అనుబంధ గది. అసలు ఇంటికి తోడుగా ఉండేది."

"అనుబంధమా! దానికీ నాకూనా!" అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"పేరు నేను పెట్టలేదండీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎప్పటికల్లా పగలగొట్టాలి?" అని అడిగింది కోడలు, బస్సు ఎన్నింటికని అడిగినట్టు. ఈ వారంలోనే అన్నాడాయన. ఆమె తల ఊపింది. చెయ్యి మాత్రం గట్టు మీంచి తియ్యలేదు.

ఆమె పొట్టిది. ముందింటి వంటగదిలో గట్టు అత్తగారి ఎత్తుకు కట్టింది. అత్తగారేమో తాటిచెట్టంత మనిషి. కోడలు పీట ఎక్కి కూర కలపాల్సి వచ్చేది. ఒకరోజు పీట జారి, ఆమే కూరా కలిసి కింద పడ్డారు. "వెతికి వెతికి పొట్టిదాన్ని తెచ్చుకున్నాం" అంది అత్తగారు. మాటకు మాట పెరిగింది. కొడుకు టైల్స్ మేస్త్రీ. తల్లితో వాదించలేక పెరట్లో గది లేపాడు. పెళ్ళాన్ని గోడ పక్కన నిలబెట్టి, మోచేతి కింద పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీతకు గట్టు కట్టాడు. తర్వాత కొన్నాళ్ళకు పనిలో టీ తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడు. ఈ గట్టు కూడా పోతే గది మిగులుతుంది గాని అందులో అతను మిగలడు. అది ఆమెకు తెలుసు.

అత్తగారు గుమ్మం దాటి లోపలికొచ్చింది. గోడ మీద గీత చూసింది.

"ఇదేంటి?"

"నా మోచెయ్యి" అంది కోడలు. "నన్ను నిలబెట్టి గీశారు."

అత్తగారు ఆ గీతను వేలితో తడిమింది. చెరిగిపోతుందేమోనని వెంటనే వేలు తీసేసింది.

"ఏ పొయ్యి తియ్యాలో మీ రూల్లో రాసుందా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్‌ని.

"అంటే?"

"రెండుండకూడదంటే నాది తియ్యండి."

"అది అసలు ఇల్లండీ! అప్పుడు ఇదే ఇల్లవుతుంది, మీరుండేది అనుబంధం అవుతుంది."

"అవనీ. నా గట్టు ముక్కలు చేసుకోండి. వాడు కట్టింది ముట్టుకున్నారో, ఊరుకోను."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పాడు. అడ్డు చెప్పే రూలేదీ దొరకలేదు.

ముందింటి గట్టు పగలగొట్టిన మర్నాడు పొద్దున్నే, అత్తగారు ఉల్లిపాయలూ కత్తీ పట్టుకుని పెరటి గదికొచ్చింది. రానా అని అడగలేదు. గట్టు మీదకు వంగి తరగడం మొదలెట్టింది. రెండు ఉల్లిపాయలకే నడుం పట్టుకుంది.

"వెధవ! అమ్మొకతి ఉందని ఒక్క బెత్తెడన్నా ఎత్తు కట్టాడా?"

కోడలు మంచం కిందనుంచి పాత పీట లాగి వేసింది. తను జారిపడ్డ పీటే. "కూర్చోండి అత్తయ్యా. నేను చేస్తా."

అత్తగారు కూర్చుంది. కోడలు తరిగి, వేయించి, కలిపింది. చాన్నాళ్ళకు చేస్తున్న కూర. ఉప్పు ఎంతో అంతుపట్టలేదు. గరిటెతో కొంచెం తీసి అత్తగారి అరచేతిలో వేసింది.

అత్తగారు నాకి చూసి, అలవాటుగా అనేసింది: "తగ్గింది. వాడికి ఇంకాస్త పడాలి."

అన్నాక ఆవిడకే తెలిసింది, ఏమందో. కోడలు డబ్బా మూత తీసి, అతనికి సరిపోయేంత ఉప్పు వేసి, కలుపుతూ కలుపుతూ భోరుమంది.