నన్ను చూసి నేర్చుకోండి

బుధవారం పొద్దున్న సొరకాయ తరుగుతూ పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి పిడికిట్లో బీరువా తాళాల గుత్తి ఉంది. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగవని వంద ఇళ్ళకు తిరిగి చెప్పినదాన్ని నేను. మా ఇల్లు మాత్రం ఆ వందలో లేదు.

"ఎవరూ చూళ్ళేదులే," అన్నారు మా ఆయన, నా మూతి తుడుస్తూ.

ఆ మాటకి ఏడుపొచ్చింది. దెబ్బ తగిలిందా అని కాకుండా, ఎవరైనా చూశారా అన్నదే మా ఇంట్లో ముందు వచ్చే ఆలోచన అయిపోయింది. అలా నేర్పింది నేనే.

అంతకుముందు మూడేళ్ళ నాలుగు నెలలుగా నాకు ఫిట్స్ రాలేదు. ఆ ధీమాతోనే కొవ్వూరులో నెలకోసారి జరిగే ఫిట్స్ క్యాంపులో వాలంటీరుగా చేరాను. మాత్రలు మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టించడం నా పని. నేను చెప్పేది ఎవరూ వినరు, నన్ను చూస్తారు. "శ్రీదుర్గగారిని చూసి నేర్చుకో" అని పిల్లల గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుతారు. డాక్టరుగారూ అంతే, తన కుర్చీ పక్కనే నన్ను నిలబెట్టుకుంటారు. మొదట్లో గాల్లో తేలిపోయేదాన్ని, అబద్ధమెందుకు? ఇప్పుడు తలనొప్పి వచ్చినా బయట చెప్పుకునే వీల్లేదు.

మధ్యాహ్నం రత్తమ్మ ఫోన్ చేసింది. గోదావరి గట్టు కింద ఉంటుంది, చేపలమ్ముతుంది. ఆమె కూతురు రమ్యశ్రీకి మాత్రలు మొదలుపెట్టించడానికి ఎనిమిది నెలల క్రితం పదకొండుసార్లు తిరిగాను. ఒప్పుకుంటూనే ఆవిడ ఒక మాటంది: "మీకు మళ్ళీ వచ్చిందని తెలిసిన రోజున మాన్పించేస్తానండి. ముందే చెబుతున్నా."

ఇప్పుడు ఫోన్లో అంది: "పిల్ల మాత్రలు వేసుకోనంటందండి. మీరొచ్చి ఓసారి కనపడండి, చాలు."

"జ్వరమని చెప్పెయ్," అన్నారు మా ఆయన.

చెప్పొచ్చు. కానీ ఆ పిల్ల ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికొస్తుందని నాకు తెలుసు. వెళితే ఆ గుమ్మంలో నిలువెత్తు అబద్ధమై నిలబడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొహాన ఇంత పౌడరు రాసుకుని, మా ఆయన బండి వెనకెక్కాను.

"చూడవే, ఎంత నిక్షేపంగా ఉన్నారో!" అంటూ నన్ను లోపలికి తోసి, రత్తమ్మ సోడాల కోసం కొట్టుకు వెళ్ళింది.

రమ్యశ్రీ డిగ్రీ రెండో ఏడు. గోడ వైపు చూస్తూ అడిగింది. "మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదా ఆంటీ? నిజంగా?"

కరుచుకున్న నాలుక వాచి నోట్లో పట్టడం లేదు. తలూపితే సరిపోయేది. ఊపలేకపోయాను.

"ఇవాళ పొద్దున్నే వచ్చాయమ్మా."

తిడుతుందనుకున్నాను. మోకాళ్ళలో తల పెట్టుకుని బావురుమంది.

"నాకు నెలకి రెండుసార్లు వస్తన్నాయండి, అమ్మ చేపలకెళ్ళినప్పుడు. మీకు ఆగిపోయి నాకే ఆగట్లేదంటే, నాలోనే ఏదో లోపమనుకున్నా. క్యాంపులో డాక్టరుగారు అడిగితే రావట్లేదని చెప్పేశా. మీరు పక్కనే నుంచున్నారు కదండి!"

ఎనిమిది నెలలు. డాక్టరుగారు అది నమ్మి డోసు మార్చలేదు. ఈ పిల్ల నోరు నొక్కింది ఎవరో కాదు, పక్కన నవ్వుతూ నిలబడ్డ నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"అమ్మకి చెప్పకండి ఆంటీ, కాలేజీ మాన్పించేస్తది. మీ సంగతీ చెప్పకండి."

అంతలో రత్తమ్మ సోడాలతో వచ్చింది. "వేసుకుంటానందాండి?"

ఆ పిల్ల సంగతి చెప్పడానికి నాకు హక్కు లేదు. నా సంగతికి ఉంది.

"పొద్దున్న నాకు ఫిట్స్ వచ్చాయి రత్తమ్మగారూ. మాత్రలతో చాలామందికి తగ్గుతాయి, కొందరికి మళ్ళీ వస్తాయి. ఆ మాట ముందే చెప్పాల్సింది, చెప్పలేదు."

రత్తమ్మ సోడాలు కింద పెట్టింది. "అయితే ఇంకెవర్ని చూసి వేసుకోమంటారండి నా పిల్లని?"

రమ్యశ్రీ లేచి నిలబడింది.

"నాకూ వస్తన్నాయమ్మా. నేనే దాచాను. ఆదివారం క్యాంపులో డాక్టరుగారికి నిజం చెబుతా. నువ్వూ రా."

రత్తమ్మ కూతుర్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నా జబ్బ పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

"పొద్దున్న పడిన మనిషి ఇంట్లో పడుకోవాలిగానీ, ఇలా తిరుగుతారేంటండీ?" అని కసిరింది.

నేను తిరిగిన ఇన్ని ఇళ్ళలో నన్నెవరూ ఇలా కసరలేదు. నాలుక మంటో ఏంటో, ఏడుపు ఆపుకోలేకపోయాను.