మిరపగింజ వయసు

కూతురికి తల్లి నేర్పిన మొదటి పాఠం అబద్ధం. అది తప్పని మూతి విరిచేవాళ్లు ఆ కుట్టు షెడ్డులో ఒక్క పూట కూర్చుని వచ్చి మాట్లాడాలి. మొగుడు పరంజా మీంచి పడి నడుము విరిగి మంచాన పడ్డాడు. ఆవిడ షెడ్డులో చొక్కాలకు కాజాలు కుట్టేది. ఆ ఒక్క కూలితో మూడు కడుపులు నిండవు, మందులు అసలే రావు. అందుకని ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకెళ్లి, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో కూర్చోబెట్టింది. పిల్ల ఎంత బక్కదంటే షెడ్డులో అందరూ మిరపగింజ అనే పిలిచేవాళ్లు.

పద్నాలుగేళ్లు నిండనివాళ్లు పనిలో కనబడితే తనిఖీవాళ్లు షెడ్డుకు తాళం వేస్తారు. మేస్త్రీ మొదటి రోజే తేల్చేశాడు.

"ఎవరడిగినా పదిహేను. నోరు జారిందో, తల్లీకూతుళ్లిద్దరూ ఇంటికే."

పని కార్డు మీద పదిహేనని రాసి, తల్లి చేత వేలిముద్ర వేయించాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అనలేదు. తల్లి రోజూ పొద్దున్నే పిల్లకు తల దువ్వుతూ పాఠం మొదలుపెట్టేది.

"నీకెన్నేళ్లే?"

"పదిహేను."

"మరి ఇంత పొట్టిగా ఉన్నావేం?"

"మా నాన్న పొట్టి."

"మధ్యలో నన్నెందుకే లాగుతారు?" అంటూ మంచం మీంచి తండ్రి నవ్వేవాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడేది రోజు మొత్తంలో ఆ కాసేపే.

ఇంతలో పక్క షెడ్డులో గొడవైంది. తనిఖీకి వచ్చినాయన ఒక పిల్లాడి చేతిలో బిస్కెట్లు పెట్టి, బుజ్జగించి, అసలు వయసు కక్కించాడు. షెడ్డు మూతపడింది, పదిహేను కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆ కబురు విన్న దగ్గర్నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. పాఠం ఇంకాస్త పెంచింది.

"బుజ్జగిస్తారు, బెదిరిస్తారు. నన్నే తీసుకొచ్చి నీ ఎదురుగా నిలబెట్టి, నిజం చెప్పమని నా చేతే అనిపిస్తారు. అయినా చెప్పకు."

"నువ్వు చెప్పమన్నా చెప్పొద్దా?"

"నీ కాళ్లు పట్టుకున్నా చెప్పొద్దు."

అంతటితో ఊరుకుందా? ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దులాడుతూ, "ఇక చాల్లేవే బంగారం, నాకు మాత్రం నిజం చెప్పు, ఎన్నేళ్లు?" అంది. పిల్ల మురిసిపోయి ఎనిమిదంది. చెంప ఛెళ్లుమంది. పిల్ల ఆ తర్వాత ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఏడాది గడిచింది. పేట చివర కొత్తగా బడి తెరిచారు. చదువు, తిండి, పడక అన్నీ అక్కడే, పైసా కట్టక్కర్లేదు. కాకపోతే పదేళ్ల లోపు పిల్లలకే చోటు. అప్పటికే మిరపగింజ మేస్త్రీ సుద్దముక్కతో చొక్కాల మెడ దగ్గర కుట్టే పేరు పట్టీల మీది అక్షరాలన్నీ నేలమీద దింపేస్తోంది. వాటిని చదవడం మాత్రం ఆ షెడ్డు కూలీల్లో ఎవరికీ రాదు. తల్లి ఆ గీతలు చూసి చూసి, ఒకరోజు మొగుడితో అంది.

"దాన్ని బడిలో వేస్తే మనకెలా గడుస్తుంది?"

"నా మందులు ఆపెయ్. నా నడుము ఎటూ లేవదు. దాని నడుమైనా వంగకుండా ఉండనీ," అన్నాడాయన.

చేర్చుకునే ఆఖరి రోజున, ఒక్క చోటే మిగిలి ఉందని తెలిసి తల్లీకూతుళ్లు బయల్దేరబోయారు. తల దువ్వుతూ తల్లి, "ఇవాళ నిజమే చెప్పాలి, తొమ్మిదని చెప్పు," అంది. పిల్ల కిసుక్కున నవ్వింది. హడావుడిలో తల్లి ఆ నవ్వు సంగతి పట్టించుకోలేదు.

బడిలో పెద్ద టీచరమ్మ పిల్లలతో ఒంటరిగా మాట్లాడుతుంది. కాసేపటికి తల్లిని లోపలికి పిలిచింది.

"మీ అమ్మాయి పదిహేనంటోందమ్మా."

"తొమ్మిదేనమ్మా! పని కోసం నేనే అలా నేర్పాను."

"ఏదైనా కాగితం ఉందా?"

పిల్ల ఇంట్లోనే పుట్టింది. ఉన్న ఒక్క కార్డు మీదా పదిహేనని ఉంది, తల్లి వేలిముద్రతో సహా.

"చూస్తే తెలియడంలేదా అమ్మా, ఇంత పిల్ల!"

"ఈ పేటలో పదిహేనేళ్లవాళ్లూ ఇంతే ఉంటున్నారు. నిన్న ఒకావిడ అలాంటి పిల్లనే తొమ్మిదేళ్లని తీసుకొచ్చింది, తిండైనా దొరుకుతుందని. నేనెవర్ని నమ్మను?" అంది టీచరమ్మ. చెడ్డ మనిషేం కాదు. పిల్ల వైపు వంగి, "నిజం చెబితే ఇక్కడే ఉండి చదువుకోవచ్చు. చెప్పు తల్లీ, ఎన్నేళ్లు?" అని మళ్లీ అడిగింది.

పిల్ల తల్లి వైపు చూసింది.

"తొమ్మిదని చెప్పవే! ఇది పరీక్ష కాదే, నా మీద ఒట్టే!" తల్లి ఏడుస్తూ కూలబడి, ఆ చిన్న పాదాలు రెండూ పట్టుకుంది.

పిల్ల చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లింది. అయినా మునివేళ్ల మీద లేచి, నిటారుగా నిలబడింది.

"పదిహేనండీ. మా నాన్న పొట్టి."

టీచరమ్మ నిట్టూర్చి, వరండాలో ఉన్న తర్వాతి పిల్లను పిలిచింది.

గేటు దాటాక మిరపగింజ తల్లి చెయ్యి పట్టి లాగింది. మొహం వెలిగిపోతోంది. "నువ్వంత ఏడ్చినా చెప్పలేదు చూశావా? బాగా చెప్పానా అమ్మా?"

నువ్వేం పోగొట్టుకున్నావో తెలుసా అని తల్లికి అరవాలనిపించింది. కానీ రేపు మళ్లీ ఆ షెడ్డులోనే కూర్చోవాలి, తనిఖీ ఏ రోజైనా రావచ్చు. ఇప్పుడు 'తప్పు చెప్పావు' అని తను అంటే, పాఠమంతా మళ్లీ మొదట్నుంచి నేర్పాలి.

"బాగా చెప్పావమ్మా," అంది.

పిల్ల సంబరపడి, "అయితే తొందరగా నడు, సగం పూట పనైనా దొరుకుతుంది," అంటూ షెడ్డు వైపు ముందు నడిచింది. కళ్లు కనబడనంతగా ఏడుస్తూ, తల్లి దాని వెనకే వెళ్లింది.