గీకని జాయింటు

పొద్దున్నే టీ మరిగేదాకా పొయ్యి ముందు నిలబడటం గీకుడు మేస్త్రికి అలవాటు. ఇంట్లో ఆయన చేసేది ఆ ఒక్క పనే. దాన్ని ఊరంతా చెప్పుకుంటాడు కూడా. ఈమధ్య ఆ ముచ్చటా లేకుండా పోయింది. పొయ్యి ముందు కాసేపు కదలకుండా నిలబడితే చాలు, కాళ్లు మెల్లగా నేలలోకి దిగిపోతున్నాయి.

"ఏవండీ, జరగండి," అంది భార్య వెనకనించి. "కిందవాళ్లు లేచే వేళయింది. లేస్తూనే మీ పాదాలు చూడాలా వాళ్లు?"

ఆ ఊళ్లో సిగ్గుపడ్డవాళ్లకి అలాగే అవుతుంది. నేల పక్కకి తప్పుకుని దారిస్తుంది, కాలు తీయగానే మళ్లీ కలిసిపోతుంది, గీత కూడా మిగలదు. స్టేజీ మీద మాట మర్చిపోయిన హెడ్మాస్టరు చీలమండల దాకా దిగాడు. తను కోసిన జుట్టుని తనే అద్దంలో చూసుకుని మంగలి మోకాళ్ల దాకా దిగాడు. నడుస్తున్నంతసేపూ ఏమీ కాదు, నిలబడితేనే చిక్కు. ఎందుకు దిగావని మాత్రం ఎవరూ అడగరు, అది మర్యాద కాదు. ఎవరైనా మరీ నడుం దాకా దిగిపోతే చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు అటు తిప్పుకుని నిలబడతారు. ఆ మనిషి తన తిప్పలేవో తను పడి పైకొచ్చి వెళ్లిపోతాడు. తర్వాత దాని ఊసే ఎత్తరు.

మేస్త్రి ఖర్మ ఏమిటంటే ఆయనది పై వాటా. కింద వాటాలో ఉండేది స్వయానా బావమరిది. పైన ఈయన వంటింట్లో నిలబడితే, కింద ఆ ఇంటి వంటింటి కప్పులోంచి రెండు పాదాలు బయటికొస్తాయి. బావమరిది భార్య ఆ వేళకి గిన్నెల మీద మూతలు పెట్టేసి, కప్పుకేసి చూడకుండా పని చేసుకుంటోంది.

"ఇవాళ అన్నయ్యగారివి పిక్కల దాకా వచ్చాయి," అని మొగుడితో గొంతు తగ్గించి చెప్పింది.

"మనకెందుకు, ఊరుకో," అన్నాడు బావమరిది. కానీ ఒకసారి తలెత్తి చూశాడు. మడమల మీద పగుళ్లు, ఎడమ బొటనవేలికి పాత దెబ్బ. నడివయసులో బావకి ఇంత సిగ్గుపడే పని ఏమొచ్చిందో అనుకుని నొచ్చుకున్నాడు.

ఇద్దరిదీ ఒకటే పని. వీధుల్లో గ్యాసు లైన్లు వేయడం, లీకైతే తవ్వి బాగుచేయడం. పసుపుపచ్చ ప్లాస్టిక్ పైపులు. రెండు పైపుల్ని కలపాలంటే మధ్యలో కప్లింగ్ అనే పొట్టి గొట్టం తొడిగి కరెంటు పెడతారు. దాని లోపలి తీగ వేడెక్కి ప్లాస్టిక్ కరిగి రెండూ ఒకటైపోతాయి. కానీ అంతకంటే ముందు పైపు చివర్లని స్క్రేపర్‌తో గీకాలి. ఎండకీ దుమ్ముకీ పైపు మీద కంటికి కనపడని పొర ఒకటి కడుతుంది. దాన్ని గీకకపోతే జాయింటు అతుక్కున్నట్టే ఉంటుంది, పరీక్షలో నిలబడుతుంది కూడా. ఏ ఏడాదికో రెండేళ్లకో నోరు తెరుస్తుంది.

ఈ సంగతి మేస్త్రి చెప్పినన్నిసార్లు ఇంకెవరూ చెప్పి ఉండరు. కొత్తగా పనిలో చేరినవాళ్లకి పాఠం చెప్పేది ఆయనే. గుంతల పక్కనించి నడుస్తూ "గీకారా?" అంటాడు. టీ తాగుతున్నవాడి భుజం తట్టి "గీకావా?" అంటాడు. ఒకసారి సూపర్‌వైజరు గడ్డం గీసుకుని వస్తే ఆయన్నీ అదే అడిగాడని చెప్పుకుంటారు. గీకుడు మేస్త్రి అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా గర్వం.

రెండేళ్ల కిందట దర్జీ కొట్టుండే వీధిలో లైను వేసింది ఈ బావాబావమరుదులే. దిగువ సగం బావమరిదిది, ఎగువ సగం మేస్త్రిది. ఆ రోజు బావమరిది హెల్మెట్ మర్చిపోయి వచ్చాడు. మేస్త్రి అందరి ముందూ పట్టుకుని దులిపేశాడు.

"తలకాయైనా తెచ్చుకున్నావా, అదీ ఇంట్లోనే వదిలేశావా? పనిముట్టు మర్చిపోయేవాడు పనేం చేస్తాడ్రా?"

జనం నవ్వారు. బావమరిదీ నవ్వేసి ఊరుకున్నాడు. ఆ తర్వాత మేస్త్రి ఎగువకి వెళ్లి, కరెంటు స్తంభం పక్కన చివరి గుంతలోకి దిగి, సంచీలో చెయ్యి పెడితే స్క్రేపర్ లేదు. ఇంట్లో మంచం మీద సంచీ సర్దుకుంటూ అక్కడే వదిలేశాడు. కేకేస్తే వినపడే దూరంలో బావమరిది దగ్గర ఇంకోటుంది. వెళ్లి అడగాలి. అడిగితే వాడు ఇస్తాడు. ఇచ్చేముందు ఒక్కసారి నవ్వుతాడు, వాడితోపాటు మిగతావాళ్లూ నవ్వుతారు. మేస్త్రి గుంతలోనే కూర్చుని ఆ నవ్వుని ఊహించుకున్నాడు. తర్వాత పైపు చివర్లని స్పిరిట్ గుడ్డతో గట్టిగా తుడిచి, కప్లింగ్ తొడిగి, కరెంటు పెట్టేశాడు. పని పూర్తయ్యాక పైపు మీద మార్కర్‌తో రాయడం పద్ధతి. గీకినట్టు టిక్కు పెట్టి సంతకం చేశాడు. పైకొచ్చి, మట్టి పూడ్చి, సాయంత్రం ఎప్పట్లాగే అందర్నీ "గీకారా?" అని అడిగాడు.

కాళ్లు దిగడం అప్పుడు మొదలవలేదు. దర్జీ కొట్టు ముందు గ్యాసు వాసన వచ్చిన రోజు మొదలైంది.

దర్జీ కొట్టు బావమరిది వేసిన సగంలో ఉంది. వాసన గచ్చు పగులులోంచి వస్తోంది. సూపర్‌వైజరు వచ్చి, సరఫరా ఆపించి, అక్కడ తవ్వించాడు. బావమరిది వేసిన జాయింటు శుభ్రంగా ఉంది. సబ్బునీళ్లు పోస్తే ఒక్క బుడగ లేదు. పక్కది తవ్వారు, అదీ అంతే. వీధిలో పొయ్యిలన్నీ ఆరిపోయి జనం విసుక్కుంటున్నారు. దర్జీ ఇస్త్రీపెట్టె ముట్టుకోవాలంటే భయపడుతున్నాడు.

భూమిలో లీకైన గ్యాసు గచ్చు కింద ఇరుక్కుంటే దొరికిన దారమ్మట పోతుందనీ, లీకు ఒకచోటైతే వాసన ఇంకోచోట తేలుతుందనీ మేస్త్రికి తెలుసు. ఆ పాఠమూ ఆయన చెప్పిందే. ఆ వీధిలో గ్యాసు లైను పక్కనే పాత నీళ్ల పైపుంది, దాని చుట్టూ ఇసుక. స్తంభం దగ్గరనించి దర్జీ కొట్టు దాకా ఆ ఇసుకలో గ్యాసు హాయిగా నడిచిపోగలదు. మేస్త్రి ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేశాడు. చెబితే స్తంభం దగ్గర తవ్వుతారు. తవ్వితే గీకని పైపు మీద ఆయన పెట్టిన టిక్కు కనపడుతుంది.

నాలుగు రోజులు తవ్వినా తేలకపోయేసరికి సూపర్‌వైజరుకి చిర్రెత్తింది. లైను రెండు చివర్లా మూయించి, లోపలున్న గ్యాసు వదిలించి, గాలి నింపించాడు. గేజి ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. ఎక్కడో కారుతోంది. ఏ సగంలోనో విడదీసి చూడటానికి మధ్యలో మూసే వాల్వు లేదు.

"దిగువ సగం మొత్తం పీకేద్దాం," అన్నాడు సూపర్‌వైజరు, బావమరిదికేసి తిరిగి. "నువ్వు రేపటినించి పనిలోకి రావద్దు. నీ లైసెన్సు కార్డు ఆఫీసులో ఇచ్చేయ్. ఇంక ఏ లైను మీదా చెయ్యి వేయకు."

"నేను గీకానండీ," అన్నాడు బావమరిది. "ప్రతి జాయింటూ గీకాను. కావాలంటే నా కాళ్లు చూడండి."

అందరూ వాడి కాళ్లు చూశారు. గచ్చు మీద గట్టిగా ఉన్నాయి, బూటు అంచు కూడా దిగలేదు. సూపర్‌వైజరు పెదవి విరిచాడు.

"అదే నేనూ చూస్తున్నా. వీధి వీధంతా పస్తులు పెట్టి ఇంకా నేల మీదే నిలబడ్డావంటే నీకు సిగ్గన్నది లేదన్నమాట."

బావమరిది మొహం కందిపోయింది. పాపం, కాళ్లు దిగితేనైనా నమ్ముతారేమో అని బూట్లు విప్పేసి, కళ్లు మూసుకుని, తను చేసిన వెధవ పనులన్నీ గుర్తుచేసుకున్నాడు కాబోలు, ఒక పాదాన్ని నేలకేసి నొక్కాడు కూడా. ఏమీ దిగలేదు. ఎవరో కిసుక్కుమన్నారు.

మేస్త్రి పొద్దుటినించీ ఆ వీధిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. బూట్లుంటే దిగిన కాలు పైకి లాగడం కష్టమని ఈమధ్య చెప్పులే వేసుకుంటున్నాడు. ఎక్కడా ఆగడం లేదు, స్తంభం దరిదాపులకి అసలు పోవడం లేదు. బావమరిది ఉత్తకాళ్లతోనే ఆయన వెంటపడ్డాడు. ఈయన వేగంగా నడిచాడు, వాడూ నడిచాడు. ఎగువకి వెళ్లాక దారికడ్డంగా మట్టికుప్ప వచ్చి మేస్త్రి ఆగిపోవాల్సొచ్చింది. పక్కకి చూస్తే కరెంటు స్తంభం.

"బావా, నువ్వొక్క మాట చెప్పు," అన్నాడు బావమరిది. "నీ మాటంటే వీళ్లకి వేదం. నాకు పని నేర్పింది నువ్వు. గీకకుండా నేను జాయింటు వేస్తానా? నువ్వు చెప్పు చాలు."

వెనకే సూపర్‌వైజరూ వచ్చాడు, మిగతావాళ్లూ వచ్చారు. "చెప్పండి మేస్త్రీ. మీరు తప్పంటే తప్పే."

మేస్త్రి కాళ్లు దిగడం మొదలైంది. చీలమండలు, పిక్కలు, మోకాళ్లు. చెప్పులు రెండూ గచ్చు మీదే ఉండిపోయాయి. తొడలు దిగి నడుం దాకా వచ్చేసరికి జనం పద్ధతి ప్రకారం మొహాలు తిప్పుకున్నారు. సూపర్‌వైజరు ఆకాశం చూశాడు. దర్జీ తన టేపు చూసుకున్నాడు. బావమరిది కూడా కళ్లు తుడుచుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు మేస్త్రి కుడి పాదం గుండ్రంగా, నున్నగా ఉన్నదాని మీద ఆనింది. అరికాలికి చల్లటి గాలి సన్నగా, సూదిమొనలా తగిలింది. ఎన్నేళ్లనించో అరచేత్తో వెతికి పట్టుకునే లీకు, ఈసారి అరికాలితో దొరికింది. తన జాయింటే, సందేహం లేదు.

ఇప్పుడెవరూ ఆయన్ని చూడటం లేదు. మొహాలు తిప్పుకున్న జనం మధ్యలోంచి చేతులు ఊని పైకొచ్చి, చెప్పులు వేసుకుని, ఇంటికి పోవచ్చు. ఎందుకు దిగావని ఎవరూ అడగరు. రేపు బావమరిది కార్డు ఇచ్చేసి వస్తాడు. కింద వంటింట్లో గిన్నెల మీద మూతలు పెట్టుకుంటూనే ఉంటారు. వాడి భార్య తల కూడా ఎత్తకుండా తనని క్షమిస్తూనే ఉంటుంది. మేస్త్రి గచ్చు మీద ఊనబోయిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇటు చూడండి," అన్నాడు.

ఎవరూ తిరగలేదు. ఆ ఊళ్లో అలా పిలిచినవాళ్లు అంతకుముందు లేరు.

"ఇటు చూడండయ్యా. నా కాలి కింద తవ్వండి. గాలి తగులుతోంది. వాడు గీకాడు. గీకనిది నేను."

సూపర్‌వైజరు విననట్టే ఇంకా ఆకాశం చూస్తున్నాడు. ముందు తిరిగింది బావమరిది. పలుగు తెచ్చి, మేస్త్రికి దెబ్బ తగలకుండా పక్కనే గచ్చు పగలగొట్టి, మట్టి తీసి, గుంతలోకి దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని పైపు తుడిచాడు. టిక్కు కనపడింది, సంతకం కనపడింది. సబ్బునీళ్లు పోస్తే కప్లింగ్ అంచున నురగ పొంగింది. కప్లింగ్ పక్కన పైపు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. స్క్రేపర్ గాటు ఒక్కటి లేదు.

"ఎందుకు బావా?" అన్నాడు, తలెత్తకుండా.

"స్క్రేపర్ ఇంట్లో మర్చిపోయానురా. హెల్మెట్ గురించి నిన్ను అన్ని మాటలన్నాక, నీ దగ్గరికొచ్చి అడగలేకపోయాను."

బావమరిది ఆ సంతకం మీది మట్టిని బొటనవేలితో తుడిచాడు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా," అన్నాడు.

ఆ మాటకి మేస్త్రి కాలు పైపు మీంచి జారి ఛాతీ దాకా దిగిపోయాడు. పైకి లాగడానికి నలుగురు పట్టాల్సొచ్చింది.

ఆఫీసులో కార్డు ఇచ్చేసింది మేస్త్రే. పాఠాలు చెప్పే పనీ పోయింది, ఆ పేరూ పోయింది. కొన్ని రోజులు ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడు కింది వాటాలో కప్పు మామూలు కప్పులాగే ఉండేది. బావమరిది భార్య ఒకరోజు మెట్ల మీద ఎదురై "అన్నయ్యగారూ, ఈమధ్య గిన్నెలకి మూతలు పెట్టడం మర్చిపోతున్నానండీ," అంది. ఆయన తలొంచుకున్నాడు కానీ కాళ్లు దిగలేదు.

తర్వాత సూపర్‌వైజరు ఆయన్ని సహాయకుడిగా తీసుకున్నాడు. అదీ బావమరిది కిందే. గుంత తవ్వడం, పైపు గీకడం, తుడవడం ఆయన పని. కప్లింగ్ తొడిగి కరెంటు పెట్టేది బావమరిది. పెట్టేముందు అడిగి తీరాలి, అది పద్ధతి. తనకి పని నేర్పిన పెద్దమనిషిని, అక్క మొగుణ్ని, పదిమంది ముందు అడగాలి.

"గీకావా బావా?" అంటాడు, ఎటో చూస్తూ.

"గీకాను. వంగి చూసుకో," అంటాడు ఆయన, చేతిలో గీకిన తొక్క చూపిస్తూ.

అలా అడిగినప్పుడల్లా ఒకరి పాదాలు మట్టిలోకి వేలెడు లోతు దిగుతాయి. ఆ పాదాలు బావవి కావు.