ముప్పై ఒకటి, పదిహేడు

కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సు ఎక్కేటప్పుడే తిరుపతిసామి కూతురికి చెప్పేశాడు, వాడి పేరు ఎత్తితే సాత్తూర్‌లో దిగిపోతానని. ముత్తుసెల్వి సాత్తూర్ దాటేదాకా ఆగి, అప్పుడు ఎత్తింది.

"నాయనా, ఆవణి నెలలో పెండ్లి. మేనమామ దండ వేయకుంటే నన్ను పందిట్లోకి ఎవరు తీసుకొస్తారు?"

"నీకు కాళ్లు లేవా?"

"ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. వాడు నవ్వలేదా?"

వాడంటే వెంకటసుబ్రమణియన్. తిరుపతిసామి భార్య, చనిపోయిన పాపమ్మాళ్‌కు ఒక్కడే తమ్ముడు. విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు. రెండేళ్ల కిందట ఫోన్లో అతను నవ్విన నవ్వు తిరుపతిసామి చెవిలోంచి ఇంకా పోలేదు.

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డప్పుడు ముందు పాపమ్మాళ్‌కు జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు కషాయంతో నెట్టుకొచ్చింది. తొమ్మిదో రోజు తిరుపతిసామికీ ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. పదో రోజు ఇద్దరూ కోవిల్‌పట్టి పోయి ముక్కులో పుల్ల పెట్టించుకున్నారు. మర్నాడు కాయితాలు వచ్చాయి. ఇద్దరికీ ఉందని రాసి, కింద ఒక్కో అంకె వేశారు. పాపమ్మాళ్‌కు ముప్పై ఒకటి. అతనికి పదిహేడు.

ఆ నల్లరేగడి రైతులకు అలాంటి అంకెలు కొత్త కావు. మక్కజొన్న అమ్మడానికి పోతే యార్డులో గుప్పెడు గింజలు మిషన్లో పోసి తేమ చూస్తారు. పద్నాలుగు వస్తే మూటలు దించుకుంటారు. పదిహేడు వస్తే ఇంకో రెండు ఎండలు చూపించి తెమ్మంటారు. ముప్పై ఒకటి వచ్చే సరుకు మూటలోనే బూజు పడుతుంది. ఇరవై ఏళ్లు ఆ మిషను ముందు నిలబడినవాడు తిరుపతిసామి. తనకు పర్వాలేదు, పాపమ్మాళ్‌కే ముదిరింది అనుకున్నాడు. బాడుగకు తిప్పే పాల్‌పాండి కారుకు కబురు పెట్టాడు. కారు వాకిట్లో ఆగింది. పాపమ్మాళ్ మంచి చీర కట్టుకుంది.

తెలిసినవాడు గదా, బావమరిదికి ఒక మాట చెబుదామని అప్పుడు ఫోన్ చేశాడు. అదే అతను చేసిన పాపం.

"ముప్పై ఒకటి వచ్చిండాది సుబ్రమణీ. బాగా పచ్చిగా ఉన్నట్టుంది. విరుదునగర్ తీసుకొస్తావుండాను."

అవతల నవ్వు. "బావా, అది మక్కజొన్న మిషను కాదు. ఇది తలకిందులు. అంకె తగ్గేకొద్దీ కిరుమి జాస్తి. అక్కకు కిరుమి పోతావుండాది. నీకే జాస్తి. నువ్వు పో, పడుకో. అక్కను ఆస్పత్రికి తెచ్చి ఉన్నదానికి తోడు ఇంకోటి అంటించొద్దు."

కారు తిరిగిపోయింది. పాపమ్మాళ్ చీర మడిచి పెట్టెలో పెట్టింది. తిరుపతిసామి మంచమెక్కాడు. అతనికి రెండు రోజులు దగ్గు వచ్చి తగ్గింది. మూడోరోజు సాయంత్రం ఆమె పెదాలు నల్లబడ్డాయి. అదే కారు మళ్లీ వచ్చింది. కోవిల్‌పట్టిలో మంచం లేదన్నారు. విరుదునగర్‌లో దొరికింది. ఆరు రోజులుంది. ఏడో రోజు లేదు.

ఇప్పుడు అక్కడి డాక్టర్లు ఆనాటి రోగుల ఇళ్లవాళ్లను పిలిపించి మాట్లాడుతున్నారు, రక్తం తీసుకుంటున్నారు. తిరుపతిసామి పోయేది రక్తం ఇవ్వడానికి కాదు. వెంకటసుబ్రమణియన్ చెప్పింది తప్పని ఒక డాక్టరు నోటితో అనిపించాలి. కూతురు పక్కన నిలబడి వినాలి. ఆ తరువాత దండ మాట ఎత్తదు.

ఆస్పత్రిలో మొదటి బల్ల దగ్గర వయసు అడిగారు. రెండో బల్ల దగ్గరా అడిగారు. మూడో బల్ల దగ్గర, "ఆ రెండు బల్లలు దాటే లోపల నాకేం వయసు పెరగలేదమ్మా" అన్నాడు అరవంలో. ఆ పిల్ల నవ్వకుండా మళ్లీ అడిగింది. గంటన్నర కూర్చోబెట్టారు. ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు.

డాక్టరు పేరు కర్పగం. నలభై ఏళ్లుంటాయి. అరవంలో పది ప్రశ్నలు అడిగి, ఫైలు తిరగేస్తూ కూర్చుంది.

"దీనికి కూడా ఏమీ తెల్లేదు" అన్నాడు తిరుపతిసామి కూతురితో, తెలుగులో.

"కొంచెం తెలుసు పెద్దయ్యా" అంది డాక్టరు, అదే తెలుగులో. "మాది ఎట్టయపురం పక్క. అడగండి."

ముత్తుసెల్వి తల దించుకుంది. తిరుపతిసామి సిగ్గుపడలేదు. సంచిలోంచి రెండు కాయితాలు తీసి బల్ల మీద పరిచాడు. "ముప్పై ఒకటంటే కిరుమి కొంచెమే అని ల్యాబోడు చెప్పినాడు. అది తప్పు గదా?"

"తప్పు కాదు. కొంచెమే."

"మరి ఏంటికి చచ్చింది?"

కర్పగం కాయితాల మీద తేదీలు చూసింది. "ఆమెకు జ్వరం వచ్చిన పదో రోజు తీసిన అంకె ఇది. మీకు రెండో రోజు తీసినారు. మొదట్లో ఎవరికైనా కిరుమి జాస్తిగానే ఉంటాది, తరువాత తగ్గిపోతాది. ఆమెకు కిరుమి తగ్గింది, కానీ దాంతో కొట్లాడే ఒంటి బలం ఆగలేదు. ఊపిరితిత్తుల్లోనే కొట్లాడింది. కొట్లాటలో చెడింది ఊపిరితిత్తులే."

"ఎదిరించే శక్తి లేదని గదా అందరూ చెప్పింది."

"లేకపోవడం కాదు." ఆమె ఫైల్లో ఒక గడి మీద వేలు పెట్టింది. "ఇక్కడ చేర్చిన రోజు తీసిన రక్తం. కిరుమిని పట్టుకునే సరుకు, యాంటీబాడీ అంటాము, రక్తంలో నిండుగా ఉండింది. రోగం ముదిరినవాళ్లలో చానా మందికి అట్లే ఉండింది. రెండు రోజులు దగ్గి లేచిపోయినవాళ్లకు కొంచెమే. అది జాస్తి ఉండడం వల్ల చెడిందా, చెడింది కాబట్టి జాస్తి అయిందా అంటే, ఇంకా తేల్చలేదు. దానికే మీ రక్తం అడుగుతావుండాము."

"కిరుమి తక్కువ, శక్తి జాస్తి, ఆమె పోయింది. కిరుమి జాస్తి, నేను ఉండాను." తిరుపతిసామి కాయితాలను ఆమె వైపు నెట్టాడు. "మరి ఈ అంకె మా చేతికి ఏంటికి ఇచ్చినారు? దేనికి పనికొస్తాది ఇది?"

"ఆ రోజు ముక్కులో ఎంత కిరుమి ఉందో చెప్తాది. అంతే. ఎదలో ఏం జరుగుతోందో చెప్పదు."

"అది చెప్పేది ఏది?"

"నాలుగడుగులు నడిచినా, ఒక మాట మాట్లాడినా ఊపిరి అందకపోతే, అదే. దానికి అంకె అక్కరలేదు. చూసేవాళ్లుంటే చాలు. ఇంట్లో ఎవరైనా చూసినారా?"

"చూడలేదు" అన్నాడు తిరుపతిసామి. చెయ్యి చాచాడు. "రక్తం తీసుకోండి. పొద్దు పోతావుండాది."

సూది దిగుతుంటే గోడవైపు తిరిగాడు. చూడలేదా? కిరుమి జాస్తి ఉన్న రోగి తనేనని మిరియాల చారు కాచి తెచ్చింది పాపమ్మాళ్. పొయ్యి దగ్గరనుంచి పంచలోని మంచానికి పన్నెండు అడుగులు. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి స్తంభం పట్టుకుంది. "కారం చాలునా" అని అడగడానికి కారం దగ్గర ఒక ఊపిరి, చాలునా దగ్గర ఒక ఊపిరి తీసింది. చాలు అన్నాడు. తాగాడు. మర్నాడూ తెచ్చింది, మర్నాడూ ఆగింది. ఆ సాయంత్రం కూడా సుబ్రమణి ఫోన్ చేసి, "అక్క ఎట్లుండాది బావా?" అని అడిగాడు. "వండుతావుండాది" అన్నాడు తిరుపతిసామి.

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

బయట మెట్ల దగ్గర వెంకటసుబ్రమణియన్ నిలబడి ఉన్నాడు, ల్యాబు చొక్కాతోనే. రమ్మన్నది ముత్తుసెల్వి అని వేరే చెప్పక్కర్లేదు. ఆమె దూరంగా జరిగి చెప్పుల పట్టీ సరిచేసుకుంటోంది. పట్టీ బాగానే ఉంది.

"బావా" అన్నాడు సుబ్రమణి. జుట్టు సగం నెరిసింది. "నేను ఆ రోజు..."

"నీ అంకె సరే అంట. డాక్టరమ్మ చెప్పింది."

"సరే అయితే మాత్రం ఏముంది బావా? మనిషిని చూడకుండా చెప్పినాను."

"నేను చూసినాను." తిరుపతిసామి సూది గుచ్చిన చోట దూది నొక్కి పట్టుకున్నాడు. "నడుస్తా నడుస్తా ఆగేది. నీకు చెప్పలేదు."

సుబ్రమణి ఏడుస్తాడేమో అనిపించింది. ఏడిస్తే తనకు ఇంకా కోపం వస్తుందని తిరుపతిసామికి తెలుసు.

"ఆవణి పదకొండు. పొద్దున ఆరుకు ముహూర్తం. దండ నువ్వే తేవాలి, సంపంగి దండ. మీ అక్కకు అదే ఇష్టం."

"తెస్తాను బావా."

"తెచ్చి, పిల్లకు వేసి, పందిట్లోకి తీసుకురా. నా పక్కన కూర్చోవద్దు. నా ఎదుట నవ్వొద్దు."

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగాడు. కోవిల్‌పట్టి బస్సులో ముత్తుసెల్వి కిటికీ పక్కన కూర్చుని, "మామ ఏమన్నాడు నాయనా?" అంది.

"సాత్తూర్ దాకా నోరు మూసుకో" అన్నాడు.