ఆరో ముఖం మీది గీతలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. అమ్మ మార్తమ్మ, నాయనమ్మ దేవమ్మ, అన్న జయరాజు, పక్కింటి ఇమాం సాహెబ్ మామ, గుంటూరు నుంచి వచ్చిన కోటేశ్వరరావు మాస్టరు, నేను, అంటే ప్రేమకుమారిని. నాన్న నాపరాళ్ల క్వారీకి పోయాడు. ఆయన ఉంటే ఎట్లా జరిగేదో అని ఇప్పటికి చాలాసార్లు అనుకున్నాను.

అది 1943, ఎండలు ముదరకముందు. యుద్ధం కోసం సర్కారు వాళ్లు కుర్రాళ్లను తీసుకుని, యంత్రాలు చెడిపోతే బాగుచేసే ఫిట్టరు పని నేర్పుతున్నారు. ఎనిమిది నెలలు గుంటూరులోనే ఉండి నేర్చుకోవాలి. తర్వాత ఫ్యాక్టరీలోనో రైల్వేలోనో పని దొరుకుతుంది. అన్న రెండేళ్లుగా వేరుశనగ మిల్లులో ఇమాం మామ దగ్గర ఆయిల్ ఇంజను పని చూస్తున్నాడు. మిల్లు లేని నెలల్లో నాన్నతో పాటు క్వారీకి పోతాడు. నాన్న దగ్గు విన్నప్పుడల్లా, "వీడు మాత్రం ఆ దుమ్ములోకి పోకూడదు" అని అమ్మ అంటుండేది.

ట్రైనింగుకు తీసుకోవాలంటే ఒక పరీక్ష ఉంది. ముతక ఇనుప ముక్కను ఆకురాయితో, అంటే గరుకు పళ్లున్న ఉక్కు పట్టీతో, అరగదీసి అగ్గిపెట్టె అంత దిమ్మగా చెయ్యాలి. ఆరు ముఖాలూ సమంగా, మూలలన్నీ మట్టంగా రావాలి. అది ఎవరి చేత్తో వాళ్లే చెయ్యాలి. కొందరు కమ్మరి చేత చేయించి తమ పని అని పంపుతున్నారని, ట్రైనింగు ఇచ్చే మాస్టరే ఇంటింటికీ వచ్చి చూస్తున్నాడు.

ఇమాం మామ ఇచ్చిన వైసును అన్న వసారాలో చెక్కదిమ్మకు బిగించాడు. దాని దవడల మధ్య ఇనుమును పట్టించి ఇరవై రోజులు అరగదీశాడు. నేను పక్కన కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తూ చూసేదాన్ని. ఐదు ముఖాలు కుదిరాయి. ఆరోది కుదరలేదు. మూలలు సరిచూసే మూలమట్టం ఆనించి ఎండకేసి పట్టుకుంటే ఒక మూల సందులోంచి వెలుగు కనిపించేది. మాస్టరు రావడానికి ముందురోజు మధ్యాహ్నం అన్న ఆకురాయి విసిరికొట్టి మిల్లుకు వెళ్లిపోయాడు.

వసారాలో ఎవరూ లేరు. నేను ఆకురాయి తీసుకున్నాను.

అన్నకు సాయం చేద్దామనే అని రాసుకుంటే అది సగం నిజం. ఇరవై రోజులుగా నా చేతులు ఆ పని కోసం కొట్టుకుంటున్నాయి. నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఎడమచేతికి నాయనమ్మ గుడ్డ కట్టి కుడిచేత్తో తినడం నేర్పింది. బళ్లో అయ్యవారు వేళ్ల మీద కొట్టి కుడిచేత్తో రాయించారు. ఎవరూ చూడరు కాబట్టి ఈ నోటుబుక్కు ఒక్కటే ఎడమచేత్తో రాస్తాను. ఆకురాయి పిడిని కూడా ఎడమచేత్తోనే పట్టుకున్నాను. కొంచెం అరగదీయడం, మట్టం పెట్టి చూడడం. నీడ గడప దాటేసరికి సందులో వెలుగు పోయింది. నూనె గుడ్డతో తుడిచి ఎట్లా ఉన్నది అట్లాగే పెట్టేశాను.

అన్న వచ్చి చూశాడు. మళ్లీ చూశాడు. "ఏమే, దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారా?"

"లేదన్నా. ఇందాక నువ్వే సరిగ్గా చూడలేదేమో."

"ఆకలికి కళ్లు తిరిగినట్టున్నై నాకు," అని నవ్వి, రెండు ముద్దలు జొన్నసంకటి ఎక్కువ తిన్నాడు.

మర్నాడు మాస్టరు వచ్చాడు. ఖాకీ నిక్కరు, చేతిలో టోపీ. నేను తలుపు వెనక నిలబడ్డాను. దిమ్మను అరచేతిలో పెట్టుకుని ఎండలో తిప్పితిప్పి చూశాడు.

"ఏ చేత్తో పని చేస్తావు అబ్బాయ్?"

"కుడిచేత్తో సార్."

ఇంకో ముక్క వైసులో పెట్టించి పది సార్లు ఆకురాయి తోయించాడు. వంగి ఆ గీతలు చూశాడు, మళ్లీ దిమ్మ చూశాడు. "ఐదు ముఖాల మీద గీతలు ఒక పక్కకు వాలాయి. ఇదొక్కటి రెండో పక్కకు వాలింది. ఇది ఎడమచేతివాటం మనిషి పని. ఆరింట్లోనూ ఇదే బాగుంది."

ఆ మాటకు నాకు సంతోషమేసింది. ఒక్క క్షణమే అయినా వేసింది. అది కూడా రాయాలి.

"అన్నీ నేనే చేశాను సార్," అన్నాడు అన్న. అంటూనే ఆగిపోయాడు. మెల్లగా తలుపు వైపు తిరిగాడు. అతనికి అప్పుడు తెలిసింది.

మాస్టరు కఠినుడు కాదు. "నీ ఐదు ముఖాలు నాకు చాలు. ఆరోది ఎవరు చేశారో నిజం చెప్పండి, ఇప్పుడే నీ పేరు రాసుకుంటాను. దాచిపెడితే మాత్రం రాయను. ఈ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరిది?"

మంచం మీది నుంచి నాయనమ్మ అందుకుంది. "మా ఇంట్లో అట్టాంటోళ్లు ఎవురూ లేరు బాబూ. అందరం కుడిచేత్తో తినేవాళ్లమే."

"నాదీ కుడేనండి," అని ఇమాం మామ రెండు చేతులూ చాపాడు. "మా మిల్లు మొత్తం మీద ఎడంగా తిరిగేది ఆ ఇంజను హ్యాండిలొక్కటే. దాన్ని పిలుచుకు రమ్మంటారా?"

మాస్టరు నవ్వాడు. మామ మాత్రం తలుపు వైపే చూస్తున్నాడు. మజ్జిగ గ్లాసు పట్టుకుని అమ్మ నా పక్కనే ఆగిపోయింది. బయటికి పొమ్మని చూసిందో, వద్దని చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్న నా పేరు చెప్పలేదు. చెబితే కొత్తమనిషి ముందు నాయనమ్మ అబద్ధాలమనిషి అవుతుంది. పైగా అది నేను చెప్పాల్సిన మాట. గడప దాటి రెండడుగులు వేస్తే చాలు. చర్చిలో వాక్యం చెప్పమంటేనే గొంతు పెగలని దాన్ని. మాస్టరు పుస్తకం మూశాడు. అప్పుడన్నా చెప్పొచ్చు. పెన్నుకు మూత పెట్టాడు. మజ్జిగ తాగి, "బాగుందమ్మా," అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. అప్పుడు కూడా చెప్పొచ్చు. జట్కా గంటల చప్పుడు సందు మలుపు తిరిగిపోయింది.

"ఇంకోసారి వస్తార్లే జయరాజూ," అన్నాడు ఇమాం మామ.

"ఈ తాలూకాకి ఇదే ఆఖరంట మామా. వచ్చేటప్పుడే చెప్పాడు." అన్న వైసు మరలు విప్పి మామ చేతికిచ్చాడు. దిమ్మ మాత్రం తీసుకుని కొట్టుగదిలోకి పోయాడు.

నేను వెనకే ఆ గది గడప దాకా వెళ్లాను. "అన్నా..."

"చేసినందుకు నాకు కోపం లేదే," అన్నాడు. నా ఎడమచెయ్యి పట్టుకుని అందులో దిమ్మ పెట్టాడు. అతని పిడికిట్లో ఉండి అది వెచ్చగా ఉంది. "చానా బాగా చేశావు. నాకన్నా బాగా చేశావు. ఒక్క మాటకి నోరు రాలేదేందే నీకు?"

చెబుదామని నోరు తెరిచాను. అన్న ఎదురుచూశాడు. మాస్టరు ఎదురుచూసినంతసేపూ చూశాడు. తర్వాత లోపలి నుంచి తలుపు మూసేశాడు.